పేరు విడువని సీసా

నామరూపాలు అన్న జంటపదాన్ని మనవారు ఎంతో ఆలోచించి కూర్చినారు. లోకంలో ప్రతి వస్తువుకూ ఒక రూపం ఉంటుంది; ఆ రూపానికి ఒక నామం ఉంటుంది. వస్తువు నశించినప్పుడు ‘నామరూపాలు లేకుండా పోయినది’ అంటాము. రూపం పోయిన తరువాత కూడ నామం దానిని పట్టుకొని వేలాడుతుందని ఎవరూ అనుకోలేదు. కాని మన కాలంలో ఒక వింత వస్తువు పుట్టినది. దాని రూపాన్ని కరిగించి మరొక రూపం ఇవ్వవచ్చును. అందుకు తరచు అడ్డుపడేది దాని నామమే. ఆ వస్తువు మంచినీళ్ల ప్లాస్టిక్కు సీసా. ఆ నామం దాని మీద అంటించిన లేబులు.

ఈ సంగతి నాకు పుస్తకంలో దొరకలేదు. మా కొత్తగూడెంలో, ఒక పాత సామాన్ల కొట్టు ముందర, ఒక ఇల్లాలి నోట దొరికినది.

మా ఊరి రైల్వే స్టేషను పేరు భద్రాచలం రోడ్డు. రాముల వారి కల్యాణానికి పోయే యాత్రికులు అనేకులు ఇక్కడనే రైలు దిగి బస్సు ఎక్కుతారు. శ్రీరామనవమి నాటికి మా బొగ్గు గనుల సీమలో ఎండ ఎట్లా ఉంటుందో వేరుగ చెప్పనక్కరలేదు. దాహం తీరిన తరువాత ఖాళీ సీసా చేతిలో బరువవుతుంది. చెట్టు క్రిందనో, కాలువ గట్టుననో పడిపోతుంది. ఒక వేసవిలో మా కళాశాల విద్యార్థులు కొందరు అటువంటి సీసాలను గోనె సంచులలో ఏరి తెచ్చినారు. వారితోపాటు నేను కూడ పాత సామాన్ల కొట్టుకు వెళ్లినాను.

కొట్టు ముందర వేపచెట్టు నీడలో ఒక పెద్దావిడ కూర్చుండి సీసాలు ఏరుతున్నది. ఆమె ముందు రెండు కుప్పలు ఉన్నవి. ఒక దానిలో చీటీలు ఊడదీసిన సీసాలు. రెండవ దానిలో మెడ నుంచి అడుగు వరకు రంగు రంగుల పొర కప్పుకొన్న సీసాలు. 

“అమ్మా, ఇవి వేరే ఎందుకు పెట్టినారు?” అని అడిగినాను.

“గవి అంగీ తొడుక్కున్నయి సారూ! చీటీ అయితే గోటితోనే ఊడొస్తది. అంగీ అయితే కత్తి పెట్టి కోయాలె. ఒక్క అంగీ కోసేలోపల నేను నాలుగు సీసాలు తీసి పారేస్త. తియ్యకుండ పంపితే అవతలోళ్లు ధర కోస్తరు” అన్నది ఆమె, చేతి పని ఆపకుండనే.

ఆ మాటకు పిల్లలు నవ్వినారు. సీసాకు అంగీ ఏమిటని వారి వేడుక. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆమెకు ఇచ్చేది దినకూలి కాదు; శుభ్రం చేసిన సరుకు తూకాన్ని బట్టి ముట్టజెప్పే డబ్బు. ఎక్కడనో చల్లని గదిలో కూర్చుండి ఒక చిత్రకారుడు సీసాకు అందమైన అంగీ గీసినాడు. ఇక్కడ ఎండలో ఒక ముసలమ్మ ఆ అందానికి సుంకం చెల్లిస్తున్నది. లేబులు విషయం ఇంత పెద్దదా అని ఆనాటి నుంచి నేను ఆలోచించడం మొదలుపెట్టినాను.

ముందుగ ఆ సీసా సంగతి తెలుసుకొందాము. నీళ్లు, చల్లని పానీయాలు నింపే స్వచ్ఛమైన సీసాలను పాలిథిలీన్ టెరెఫ్తలేటు అనే పదార్థంతో చేస్తారు. నోరు తిరగని ఈ పేరును కుదించి ‘పెట్’ అంటారు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డు, డిక్సను అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు దీనిని కనుగొన్నది దారం కోసం. పాలిస్టరు బట్ట అని మనం ధరించేది ఈ పదార్థమే. దీనితో సీసా చేసే విధానానికి 1973లో అమెరికాలో నతానియేల్ వైత్ అనే ఇంజనీరు పేటెంటు పొందినాడు. సీసా అడుగున బాణపు గుర్తుల త్రికోణం, దానిలో 1 అనే అంకె కనబడితే అది పెట్ అని గ్రహించవలెను. ప్లాస్టిక్కు జాతులను ఇట్లా అంకెలతో గుర్తించే పద్ధతి 1988లో అమెరికాలో ఏర్పడినది.

ఈ పెట్‌లో ఒక మంచి గుణం ఉన్నది. దీనిని ముక్కలు చేసి, కడిగి, ఆరబెట్టి, సుమారు 250, 260 డిగ్రీల వేడిలో కరిగించితే మళ్లీ దారంగాను, మళ్లీ సీసాగాను మారుతుంది. ఈ పనికే రీసైక్లింగు అని పేరు. ఇది ఎక్కడనో పరదేశాల మాట కాదు. వరంగల్లు సమీపంలోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో గణేశా ఎకోపెట్ అనే సంస్థ కర్మాగారం 2022 మే నెలలో ప్రారంభమైనది. అక్కడ వాడి పారవేసిన పెట్ సీసాలే ముడిసరుకు. నేతకు, తివాచీలకు పేరుపడ్డ ఓరుగల్లు సీమలో సీసాల నుంచి పోగు తీయడం కాలం చేసిన చమత్కారం అనవలెను.

అయితే ఆ పోగు తెల్లగ, గట్టిగ రావలెనంటే లోపలికి పోయే సరుకు శుద్ధంగా ఉండవలెను. ఇక్కడనే లేబులు కథలోకి వస్తుంది. బొగ్గు గనుల నడుమ బ్రదికే మనకు ఈ సంగతి బోధపడడం కష్టం కాదు. 1871లో డాక్టరు విలియం కింగు ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉనికి కనిపెట్టిన తరువాత, 1889లో అక్కడ తవ్వకం మొదలైన తరువాత, మన తాతలూ తండ్రులూ నేర్చిన మొదటి పాఠం ఏమిటి? బొగ్గు దొరకడం వేరు, మంచి బొగ్గు దొరకడం వేరు. బొగ్గులో రాయి, మన్ను కలిస్తే బూడిద పెరుగుతుంది, వేడి తగ్గుతుంది, దానితోపాటు ధర తగ్గుతుంది. అందుచేతనే రాతిని ఏరివేస్తారు. కొన్ని చోట్ల బొగ్గును నీటిలో కడిగి, తేలికగ ఉన్న బొగ్గును, బరువుగ ఉన్న రాతిని వేరుచేస్తారు. సీసాల కుప్ప కూడ ఒక గనియే. అందులో పెట్ బొగ్గు వంటిది. లేబులు రాయి వంటిది.

సీసాలను వేరుచేసే కర్మాగారంలో కూడ నీటిదే తీర్పు. సీసాలను చిన్న చిన్న పలుకులుగా తరిగి నీటి తొట్టిలో వేస్తారు. నీటి సాంద్రత 1 అనుకొంటే పెట్ సాంద్రత సుమారు 1.38, కనుక అది మునుగుతుంది. మూతను పాలిథిలీనుతో గాని పాలిప్రొపిలీనుతో గాని చేస్తారు. ఆ రెంటి సాంద్రత 1 కంటె తక్కువ. కనుక మూత ముక్కలు తేలుతవి. తేలినది ఒక దారి, మునిగినది ఒక దారి. లేబులు కూడ తేలే జాతిదయితే సమస్య లేదు. నీరే దానిని ఎత్తి అవతల పెడుతుంది. కాని సీసాకు బిగువుగ ముడుచుకొనే అంగీలను కొన్నింటిని పి.వి.సి.తో చేస్తారు. దాని సాంద్రత సుమారు 1.3, 1.4 నడుమ. అది పెట్‌తోపాటు మునిగి, పెట్‌తోపాటు అడుగున చేరి, పెట్‌తోపాటు కొలిమిలోకి పోతుంది. నీటికి ఇద్దరూ ఒక్కటే.

కొలిమి మాత్రం ఊరుకోదు. పెట్ కరిగే వేడికి చేరకముందే పి.వి.సి. చెడిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుస్తుంది. ఆ ఆమ్లం పెట్ అణువుల గొలుసులను తెంచుతుంది. కరిగిన సరుకు పసుపు వన్నెకు తిరుగుతుంది, నల్లని నలుసులు పడుతవి. పదివేల పాళ్లలో ఒక్క పాలు పి.వి.సి. ఉన్నా సరుకు దెబ్బ తినవచ్చును. కడివెడు పాలలో ఉప్పుకల్లు వేసినట్లు అన్నమాట. అటువంటి సరుకుతో స్వచ్ఛమైన సీసా చేయడం సాధ్యం కాదు. నాసిరకం పనికి దిగజారవలసిందే.

అంగీ చేసే చెరుపు ఇంకొకటి కూడ ఉన్నది. పెద్ద కర్మాగారాలలో సీసాలను మనుష్యులకు బదులు యంత్రాలు ఏరుతవి. కంటికి కనబడని పరారుణ కిరణాలను సీసా మీద ప్రసరింపజేసి, తిరిగి వచ్చిన వెలుగును బట్టి ఇది ఏ జాతి ప్లాస్టిక్కో యంత్రం చెబుతుంది. సీసా నిండ అంగీ కప్పితే యంత్రం చూచేది అంగీనే కాని సీసాను కాదు. మంచి పెట్ సీసా కూడ పరజాతి అనుకొని వెలివేయబడుతుంది. వేషం చూచి మనిషిని అంచనా కట్టే దోషం యంత్రాలకు కూడ తప్పలేదు!

అంగీ లేని చీటీలన్నీ నిర్దోషులని కూడ అనరాదు. కాగితపు చీటీ నీటిలో నాని గుజ్జు అవుతుంది. ఆ నారలు పలుకులకు అంటుకొని వేడికి మాడి నల్లబడుతవి. చీటీని పట్టి ఉంచే జిగురు సంగతి మరీ ముఖ్యం. కర్మాగారంలో సుమారు 80 డిగ్రీల వేడినీళ్లలో కాస్టిక్ సోడా కలిపి పలుకులను కడుగుతారు. ఆ నీటిలో వదిలిపోయే జిగురు అయితే చీటీ తానుగా తప్పుకొంటుంది. వదలని జిగురు అయితే పలుకు మీద మిగిలి, కరిగించినప్పుడు రంగు మారుతుంది. ఇక సిరా. నాసిరకం సిరా కడిగే నీటిలో దిగి ఆ నీటికంతటికీ రంగు పట్టిస్తుంది. తెల్లని పలుకులు ఆ రంగును పీల్చుకొంటవి. ఒక్క ఎర్ర అంచు చీర ఉతుకుల బానలోని తెల్లబట్టలన్నింటినీ పాడుచేయడం మన ఇండ్లలో చూచిందే గదా!

ఇంతవరకు చెప్పినది వ్యాధి. చికిత్స ఏమి? ఆశ్చర్యం ఏమంటే, దీనికి కొత్త శాస్త్రం ఏదీ కనిపెట్టనక్కరలేదు. లేబులును నీటిపై తేలే పాలిప్రొపిలీను, పాలిథిలీను పొరలతో చేయవలెను. సీసాను నిలువెల్ల కప్పక, నడుమున పట్టీవలె చుట్టవలెను. జిగురు ఒక సన్నని గీతకు మించరాదు. అది కూడ వేడినీటికి వదలిపోయేదిగా ఉండవలెను. సిరా నీటిలో దిగనిదై ఉండవలెను. అంగీయే కావలెనంటే దానికి నిలువుగ చుక్కల కోత పెట్టవలెను. ఒక్క లాగుతో చిన్నపిల్లవాడు కూడ ఊడదీయగలుగుతాడు. చివరిది, సీసాకు రంగు వేయరాదు. రంగు కావలెనంటే ఆ ముచ్చట ఊడివచ్చే లేబులు మీదనే తీర్చుకోవలెను.

ఇవి కేవలం కోరికలు కావు. జపాను దేశంలో సీసాల తయారీదారులు 1992లోనే తమకు తాము నియమాలు ఏర్పరచుకొన్నారు; 2001 నాటికి రంగు సీసాలను మానివేయవలెనని నిశ్చయించినారు. అక్కడి గృహస్థులు మూత తీసి, చుక్కల కోత వెంబడి లేబులు చించి, సీసాను కడిగి పెట్టడం నిత్యకృత్యంగా చేసుకొన్నారు. దక్షిణ కొరియాలో లాట్టే చిల్సంగ్ సంస్థ 2020లో అసలు లేబులే లేని నీళ్ల సీసాను అమ్మకానికి పెట్టినది. అమెరికాలో పచ్చని సీసాకే పేరుపొందిన స్ప్రైట్ పానీయం 2022లో తెల్లని సీసాకు మారినది. అన్నేళ్ల గుర్తును వదులుకొన్నా ఆ పానీయం పేరు చెడలేదు.

లేబులు లేని సీసా అంటే మనకు మాత్రం కొత్తా? నా బాల్యంలో గోలీసోడా త్రాగని పిల్లవాడు లేడు. హైరం కాడ్ అనే ఆంగ్లేయుడు 1872లో పేటెంటు పొందిన ఆ సీసా మన తిరునాళ్లలో, సినిమాహాళ్ల ముందర కొన్ని తరాల పాటు రాజ్యమేలినది. దానిపై పేరు ఉండేది. కాని అంటించిన పేరు కాదు, గాజులోనే ఉబ్బెత్తుగ పోతపోసిన పేరు. జిగురు లేదు, సిరా లేదు, ఊడదీయవలసిన పని లేదు. త్రాగిన సీసా తిరిగి బండివాని చేతికే చేరేది. పేరు వస్తువులో ఒదిగిపోవలెను, లేదా అడిగిన వెంటనే తప్పుకోవలెను. ఈ రెండూ కాక నడిమిన వేలాడరాదు అన్న నీతి ఆ సీసాలో ఉన్నది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉన్నది. లేబులు కేవలం అలంకారం కాదు. నింపిన తేదీ, ధర, లైసెన్సు సంఖ్య, తయారీదారు చిరునామా కొనేవానికి తెలియవలెను. తెలియడం అతని హక్కు. ఇది నిజమే. నేను లేబులును రద్దు చేయమనడం లేదు. అరచేతి వెడల్పు పట్టీపై ఇమిడే సమాచారానికి నిలువెత్తు అంగీ ఎందుకని మాత్రమే అడుగుతున్నాను. ఆ అంగీలో అధికభాగం సమాచారం కాదు, ప్రకటన. ప్రకటన లాభం ఒకరిది, దానిని ఊడదీసే శ్రమ మరొకరిది.

ప్రభుత్వం కూడ ఈ వ్యవహారంలో ఊరుకొనలేదు. 2016లో ప్లాస్టిక్కు వ్యర్థాల నిర్వహణ నియమాలు వచ్చినవి. వస్తువును అమ్మిన సంస్థయే దాని ప్యాకింగు వ్యర్థానికి బాధ్యత వహించవలెనన్న సూత్రాన్ని 2022 సవరణ విపులీకరించినది. సీసాల వంటి గట్టి ప్యాకింగులో 2025-26లో నూటికి 30 పాళ్లు, 2028-29 నాటికి నూటికి 60 పాళ్లు రీసైకిల్ చేసిన ప్లాస్టిక్కు ఉండవలెనని ఆ నియమాలు నిర్దేశించినవి. ఈ అంకెలలో ఒక మర్మం ఉన్నది. రేపటి సీసాకు నిన్నటి సీసాయే ముడిసరుకు కావలెనంటే, నిన్నటి సీసాను చెరిపే లేబులు రేపటి వ్యాపారాన్ని చెరుపుతుంది. ఇంతకాలం లేబులు నష్టం వేపచెట్టు క్రింది ముసలమ్మదే. ఇకమీదట అది సంస్థ ఖాతాలోకి కూడ చేరుతుంది. అప్పుడైనా చిత్రకారునికి కత్తి మాట వినబడుతుందని ఆశ.

భాషను బోధించేవాడిని గనుక మరొక మాట. ఆహార పదార్థాల లేబులుపై వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలోని హిందీలో గాని ఉండవలెనని మన దేశపు నియమం. ఇతర భాషలు అదనంగా చేర్చవచ్చును; నిషేధం లేదు, నిర్బంధం కూడ లేదు. ఫలితంగా, సీసాను చేతబట్టి ఊడదీసే మనిషికి దానిపై ఉన్న ఒక్క మాట కూడ అర్థం కాదు. “ఇక్కడ చించండి”, “మూత వేరు చేయండి” అన్న రెండు తెలుగు వాక్యాలకు ఎంత చోటు కావలెను? జనం కొనడానికి తెలుగులో ప్రకటనలు వ్రాయించే సంస్థలు, కొన్న తరువాత చేయవలసిన పనిని తెలుగులో చెప్పడానికి ఎందుకు వెనుదీయవలెను?

ఉపాధ్యాయ మిత్రులకు ఒక చిన్న ప్రయోగం సూచిస్తాను. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. ఒక బక్కెట్టు నీళ్లు, ఒక కత్తెర చాలును. పిల్లల చేత రకరకాల ఖాళీ సీసాలు తెప్పించండి. సీసా నుంచి ఒక ముక్క, మూత నుంచి ఒక ముక్క, లేబులు నుంచి ఒక ముక్క కత్తిరించి, నీటిలో రెండు చుక్కల సబ్బు నీరు కలిపి, ముక్కలను వ్రేలితో ఒకసారి ముంచి వదలండి. సబ్బు ఎందుకంటే, నీటి పైపొర బిగువు వల్ల మునగవలసిన ముక్క కూడ ఒక్కొక్కప్పుడు తేలుతుంది. సబ్బు ఆ బిగువును తగ్గిస్తుంది. సీసా ముక్క మునుగుతుంది. మూత ముక్క తేలుతుంది. ఇక లేబులు ఏమి చేస్తుందో చూడండి. తేలితే ఆ సంస్థకు మంచి మార్కులు. సీసాతోపాటు మునిగితే అది అనుమానించవలసిన లేబులు. సాంద్రత పాఠం పిల్లలకు మరి మరపురాదు.

అటుపిమ్మట తెలుగు గంటలో ఉత్తర రచన చెప్పండి. సెలవు చీటీ, పుస్తకాల షాపుకు ఉత్తరం ఏళ్ల తరబడి వ్రాయిస్తూనే ఉన్నాము. ఈసారి సీసా తయారుచేసిన సంస్థకు ఉత్తరం వ్రాయించండి: “అయ్యా, మీ లేబులును మేము నీటిలో వేసి చూచినాము, అది సీసాతోపాటు మునిగినది. దయచేసి తేలే లేబులు వేయండి. ఎక్కడ చించవలెనో తెలుగులో వ్రాయండి.” చిరునామాకు వెదకనక్కరలేదు, అది లేబులు మీదనే ఉంటుంది. ఒక్క ఉత్తరం బుట్టలో పడవచ్చును. గోదావరిఖని నుంచి సత్తుపల్లి వరకు బొగ్గు సీమలోని బడులన్నీ వ్రాస్తే ఏ బుట్టా చాలదు.

అన్నింటికంటె మేలైనది ఇంటి నుంచి మరచెంబుతో నీళ్లు తీసుకొని పోవడమే. ఆ మాట దాచవలసిన పని లేదు. పుట్టని సీసాకు పునర్జన్మ చింత లేదు. కాని పుట్టిన సీసాలు కోట్లలో ఉన్నవి. వాటికి మంచి పునర్జన్మ కలిగించడం మన విధి.

ఆనాడు కొట్టు ముందర నేను రెండు కుప్పలలోని సీసాల పేర్లన్నీ చదివినాను. తిరిగి వచ్చేటప్పుడు జ్ఞాపకం వచ్చినది, ఆ పెద్దావిడ పేరు మాత్రం అడగలేదని. మరునాడు మళ్లీ పోయి చూచినాను. ఆమె అదే నీడలో, అదే కత్తితో, ఒక అంగీని కోస్తున్నది. నేను కూడ ప్రక్కన కూర్చుండి ఒకటి తీయబోయినాను; నాకు చేతకాలేదు. “మీకెందుకు సారూ, వేలు తెగుతది” అని ఆమె సీసాను నా చేతిలో నుంచి తీసుకొన్నది. ఆ చేతుల నిండ సన్నని గాట్లు ఉన్నవి. లేబులు గీసే చిత్రకారుడు తన కాగితం మీద మొదటి గీత గీసే ముందు ఆ చేతులను ఒక్కసారి చూడవలెనని నా కోరిక.